ఇంకా పోని జిగురు

అత్తగారి చెవి మిషన్‌లో తెగిన తీగను అతికించడానికి అల్లుడికి ఐదు నిమిషాలు పట్టింది. టంకం పెట్టాక బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ జిగురును పళ్ళ బ్రష్‌తో, స్పిరిట్‌తో తోమడానికి మాత్రం మూడు రోజులైనా చాలలేదు.

వీధంతా రేడియో డాక్టరని పిలిచే మనిషికి అది పది నిమిషాల పనని తెలియక కాదు. ఆ మిషన్ పెట్టుకుంటే అత్తగారికి వంటింట్లో బిస్కెట్ల డబ్బా మూత కదిలినా హాల్లోకి వినిపిస్తుంది. ఆవిడకు వినిపించిందంటే కూతురికి చేరినట్టే. చక్కెర జబ్బున్న మొగుణ్ణి కూతురు ఊరికే వదలదు. అలాంటి మిషన్ దానంతటదే చేతికి చిక్కితే ఎవరు మాత్రం తొందరపడతారు?

భార్య అడిగినప్పుడల్లా బోర్డుకు వేలు ఆనించి, ఇంకా అంటుకుంటోందని మొహం వేలాడేసేవాడు. ఆవిడ పనికి వెళ్ళగానే డబ్బా తెరిచేవాడు. హాల్లో కుర్చీలో అత్తగారు ప్రశాంతంగా చూస్తూ ఉండేది.

మూడో రోజు మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది. నాలుగింటికి పెద్దమ్మ వస్తోందట. అక్కచెల్లెళ్ళకు మాటల్లేక ఆరేళ్ళయింది. ఇన్నాళ్ళకు అక్క నోరు విప్పితే అమ్మకు వినపడకపోతే ఎలా అని భార్య వాపోయింది. అల్లుడికి నిజంగానే సిగ్గేసింది.

నాలుగింటికి మీ అక్క వస్తోందని కాగితం మీద రాసి అత్తగారి చేతిలో పెట్టి, పరుగున బల్ల దగ్గరికి వెళ్ళాడు. బోర్డు అద్దంలా ఉంది. జిగురుతో పాటు రంధ్రాల పక్కన అచ్చేసిన అక్షరాలు కూడా పోయాయి. తోమడానికి అడ్డమని నాలుగు తీగలూ తనే విప్పేశాడు. నాలుగూ ఎర్రవే. ఒక్కటి తారుమారైనా మిషన్ కాలిపోతుంది. గడియారంలో మూడైంది. తల పట్టుకుని కూర్చున్నాడు.

అత్తగారు వచ్చి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. బోర్డు మీద వేలు పెట్టింది.

"పొట్టి తీగ ఈ మూలది, అల్లుడుగారూ. వంకరది దాని పక్కన. పొడుగుది ఇక్కడ, మిగిలింది చివర. మీరు విప్పుతుంటే చూశాను. చెవులు పనిచెయ్యకపోతే కళ్ళకి ఇంకేం పని?"

అల్లుడు ఆ వరసలోనే నాలుగూ అతికించాడు. ఈసారి జిగురు పది నిమిషాల్లోనే పోయింది.

ఆవిడ మిషన్ పెట్టుకుంది. వినిపిస్తోందా అని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టి, అలా కాదు, వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తియ్యమంది. వెళ్ళాడు. మూడు రోజుల అలవాటు కొద్దీ మెల్లగా, గోటితో తీశాడు.

"వినిపించింది," అంది అత్తగారు హాల్లోంచి. "మా అక్కకి పెట్టడానికి ఒక్కటైనా మిగిల్చారా?"

డబ్బాలో పొడి తప్ప ఏమీ లేదు. అల్లుడు సంచీ తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా పెరటి తలుపు దాకా వెళ్ళాడు.

"చక్కెర లేనివి తెండి," వెనక నుంచి గొంతు వచ్చింది. "మీరూ మాతో కూర్చుని తిందురుగాని."