గేటు లేని బడి

పడవ నడపడం నేర్చుకోవడానికి స్వర్ణలత రెండోసారి దేశం దాటబోతోంది. దాటనివ్వకూడదని ఆమె అన్నయ్య రాఘవేందర్ గట్టిగా అనుకున్నాడు.

మొదటిసారి థాయ్‌లాండ్ వెళ్లి పదిహేను రోజుల్లో తిరిగొచ్చింది. తాళ్లు లాగి లాగి అరచేతులు కాయలు కాచాయి. ఒక సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది గానీ, అది పడవలో సాయం చేసేవాళ్లకిచ్చేది. ఇప్పుడు స్పెయిన్‌లో శిక్షణ తీసుకుని పరీక్ష గట్టెక్కితే తెరచాప పడవకు తానే కెప్టెన్. ఆ సర్టిఫికెట్ చూపిస్తే చాలా దేశాల్లో పనిస్తారట. అందుకోసం శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కౌంటర్ ఉద్యోగం కూడా మానేసింది. తొండుపల్లి పిల్లకు సముద్రమేమిటని ఊరంతా నవ్వింది. రాఘవేందర్ నవ్వలేదు. అతనికి నవ్వులు తక్కువ, అనుమానాలు ఎక్కువ.

"బడి ఏడుంది?" అని అడిగాడు.

"పడవే బడి అన్నా. అండ్లనే పాఠం, అండ్లనే వంట, అండ్లనే పండుడు."

"అంటే గేటు లేదు, బోర్డు లేదు. నిన్ను తీస్కొని ఎటో పోతే ఏడ పట్టుకోవాలె?"

"సముద్రంల నడుపుడు సముద్రంల గాక గగన్‌పహాడ్‌ల నేర్పుతరా?"

ఆ బడివాళ్లు డాక్టర్ సర్టిఫికెట్ అడిగారని తెలిశాక అతని అనుమానం ఇంకా బలపడింది. "దుబాయి ఏజెంట్లు గూడ ముందుగాల మెడికలే అడుగుతరు" అన్నాడు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. వాళ్ల బాపు సత్తయ్య మేస్త్రీ పనికి దుబాయి వెళితే, పనిలో పెట్టుకున్న కఫీల్ పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకున్నాడు. భార్య చనిపోతే సత్తయ్య కడచూపుకు కూడా రాలేకపోయాడు. తల్లికి తలకొరివి పెట్టింది అప్పటికింకా పిల్లాడైన రాఘవేందరే. అప్పటినుంచి చెల్లెలిని కళ్లలో పెట్టుకుని చూసుకున్నాడు. ఇప్పుడు ఎయిర్‌పోర్టుకు కిరాయి కారు నడుపుతున్నాడు. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లను దింపి వచ్చిన రోజున అతనికి అన్నం సయించదు.

2012 వేసవిలో ప్రయాణం రోజు రానే వచ్చింది. సాగనంపడానికి షాద్‌నగర్ నుంచి మేనత్త రాములమ్మ, ఆమె వెంట జీపు నిండా చుట్టాలు దిగారు. ఇల్లంతా సందడిగా ఉన్నప్పుడు రాఘవేందర్ చెల్లెలి బ్యాగులోంచి పాస్‌పోర్టు తీసి, కారు డిక్కీలో స్టెప్నీ కింద దాచాడు. విమానం తప్పితే చాలు, రెండ్రోజులు ఏడ్చి ఊరుకుంటుందిలే అనుకున్నాడు.

బయల్దేరే వేళకు పాస్‌పోర్టు లేదని తేలింది. ఇల్లంతా తలకిందులు చేశారు. అందరికంటే ఎక్కువ వెతికింది రాఘవేందరే. పరుపు ఎత్తాడు, బీరువా జరిపాడు, బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టాడు.

"ఏడ పెట్టినవే? జర యాది చేస్కో" అని చెల్లెలిని కసిరాడు.

స్వర్ణలత గోడకు ఆనుకుని ఏడుస్తూ కూర్చుంది. విమానం తప్పితే ఆ పడవ ఆమె కోసం ఆగదు.

గడప మీద కూర్చున్న సత్తయ్య అంతసేపూ కొడుకునే చూస్తున్నాడు. "ఇగ చాలు రాఘవా. ఏడ దాచినవో తెచ్చియ్యి" అన్నాడు.

"నాకేం ఎర్క బాపూ?"

"నా పాస్‌పోర్టు దాచిపెట్టి, పోయిందని చెప్పిన కఫీల్ గూడ నాతోని గిట్లనే దేవులాడిండు. పరుపు గూడ వాడే ఎత్తిండు. మీ అమ్మ సచ్చిపోయిందని నేను ఏడుస్తుంటే, యాది చేస్కో అన్నడు."

రాఘవేందర్ సిగ్గుతో తలొంచుకున్నాడు. కారు దగ్గరికి వెళ్లి, పాస్‌పోర్టు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టాడు.

"నీ మంచికే చెల్లె..." అని మొదలుపెట్టాడు. ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండు అనిపించింది అతనికి.

టైము లేదు కాబట్టి ఆ కారులోనే ఎక్కక తప్పలేదు. ఎయిర్‌పోర్టు ముందు దిగాక, ఎప్పటి అలవాటు కొద్దీ అతను చెయ్యి చాపాడు.

"ఇటియ్యి, నేను పట్టుకుంట."

స్వర్ణలత సూట్‌కేసు ఇచ్చింది. పాస్‌పోర్టు ఉన్న బ్యాగును మాత్రం అవతలి భుజానికి మార్చుకుంది.