చేతుల గంట

నేను ఒక రైలు పట్టా ముక్కను. పొడవు మూరెడే కానీ నన్ను ఒంటిచేత్తో ఎత్తబోయినవాడికి నడుం పట్టేయడం ఖాయం. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ వరండాలో, దూలానికి కట్టిన గొలుసుకు వేలాడుతూ ఉంటాను. ఇక్కడ నన్ను గంట అంటారు. అసలైన గంటలు కంచుతో గుండ్రంగా ఉంటాయని నాకూ తెలుసు. అయితేనేం, అరవై మంది ఆడవాళ్లను ఒక్క మోతతో కూర్చోబెట్టి, ఒక్క మోతతో లేపే కంచు గంట ఎక్కడైనా ఉంటే చూపించండి.

కొలిమిలో కరిగి, రోలర్ల మధ్య నలిగి పట్టానయ్యాను. ముప్పై ఏళ్లు హౌరా లైన్లో పడుకొని మెయిలు బండ్లు మోశాను. ఎంత పెద్ద అధికారైనా నా మీదుగా పోవాల్సిందే. తర్వాత లైను మార్చారు, మమ్మల్ని వేలం వేశారు. ఈ ఫ్యాక్టరీ ఓనరు షెడ్డు కోసం మమ్మల్ని కొని, కొలతకు కోయించి, మిగిలిన ముక్కను వరండాలో వేలాడదీయించాడు. మిగిలిన ముక్క అంటున్నానని చిన్నచూపు చూడకండి. షెడ్డులో దూలాలైన నా తోటివాళ్ల పేరు ఎవరూ తలచుకోరు. నా కోసం మాత్రం మధ్యాహ్నమయ్యేసరికి అందరూ చెవులు రిక్కించుకొని కూర్చుంటారు.

నన్ను కొట్టేది వాచ్‌మన్ దాలయ్య. రోజూ పొద్దున్నే రేడియో వార్తలకు గడియారం సరిచేసుకొని మరీ వస్తాడు. ఎనిమిదికి పని మొదలు. పన్నెండున్నరకు భోజనం. ఒంటిగంటకు మళ్లీ పని. ఇరవై ఏళ్లలో ఒక్క నిమిషం అటూ ఇటూ కొట్టలేదు. కాబట్టి అందరికీ న్యాయం చేస్తున్నానన్న గర్వం నాకు బాగానే ఉండేది.

ఆ గర్వానికి మొదటి దెబ్బ కొట్టింది తవిటమ్మ. పద్నాలుగేళ్లుగా ఇక్కడ పిక్కలు కొడుతోంది. జీడిపిక్క పగలగొడితే పెంకులోంచి రసం కారుతుంది. అది చర్మాన్ని కాల్చి, చేతుల్ని బొగ్గులా నల్లబరుస్తుంది. బూడిద రాసి, కొబ్బరినూనె పట్టించి, పీచుతో తోమితేగాని వదలదు. ఇంతమందికీ పెరట్లో ఉన్నది ఒకటే కొళాయి. భోజనం గంట కొట్టగానే అందరూ అక్కడికి పరుగెత్తేవాళ్లు. వెనకబడ్డవాళ్లు సగం కడిగిన చేతులతోనే నాలుగు ముద్దలు మింగి, ఒంటిగంటకు పీటల మీద ఉండేవాళ్లు. ఆ వేసవిలో తవిటమ్మ పెదాలు పొక్కిపోయాయి. వారం రోజులు గంజి తప్ప ఏదీ నోట్లోకి పోలేదు.

ఆ గంజి రోజుల్లోనే అందరికీ కొత్త ఒప్పందం కాగితాలు పంచారు. మిగిలినవాళ్లు వేలిముద్ర వేసి ఊరుకున్నారు. తవిటమ్మ ఆరో తరగతి దాకా చదివింది, అందుకని వరండాలో నా కిందే కూర్చొని అక్షరం అక్షరం కూడబలుక్కుంది. ఏడో షరతు దగ్గర ఆగింది. భోజన విరామం అరగంట, ఆ సమయంలో ఎవరిచేతా పని చేయించరాదు అని ఉంది. కాగితం పట్టుకొని తిన్నగా మేనేజరు జగదీశం గారి గదికి వెళ్లింది.

"బాబూ, ఈ అరగంట మాదని మీరే రాసినారు. మరి సేతులు కడుక్కోడం ఎవరి పని?"

"ఎవరి చేతులు వాళ్లు కడుక్కోవాలి. అది కూడా ఫ్యాక్టరీ పనేనా?" అన్నారాయన.

"ఈ నలుపు మా ఇంటికాడ అంటింది కాదు బాబూ. ఫ్యాక్టరీ పిక్కల్ది. వదిలించుకోడం కూడా ఫ్యాక్టరీ పనే."

జగదీశం గారికి కోపమొచ్చింది. ఆయనకో గొప్ప ఉంది. చిన్నతనంలో ఆయనా పిక్కలు కొట్టే పైకొచ్చారు. ఆ సంగతి నెలకోసారైనా అందరికీ చెప్పందే ఆయనకు నిద్రపట్టదు. "నేను కొట్టలేదా? చేతులు కడుక్కోవడం రెండు నిమిషాల పని. నచ్చకపోతే మానేయ్" అన్నారు.

"అలాగే మానేస్తాను. రేపు మీరు మాతో కూకొని కొట్టండి. ఒంటిగంటకి మీ క్యారేజీ ఖాళీ అయితే ఎల్లుండి నుంచి నాను రాను."

గది తలుపు తెరిచే ఉంది, బయట అరవై మంది వింటున్నారు. ఆయన వెనక్కి తగ్గలేకపోయారు. తవిటమ్మ ఇంట్లో ఆమె కూలి తప్ప మరో ఆధారం లేదని నాకు తెలుసు. ఆ రాత్రంతా గొలుసుకు వేలాడుతూ ఆమె గురించే బెంగపడ్డాను. ఇనుముకు బెంగేమిటని నవ్వకండి, నాకు కలిగింది.

మర్నాడు ఎనిమిదికి జగదీశం గారు చొక్కా చేతులు మడిచి పీట మీద కూర్చున్నారు. మొదటి గంట కబుర్లు చెప్పారు. రెండో గంటకు మాట తగ్గింది. పదకొండయ్యేసరికి ఊపిరి తప్ప మరేమీ వినబడలేదు. పన్నెండున్నరకు దాలయ్య నన్ను కొట్టాడు. ఆయన అలవాటుగా తన గదివైపు నడవబోయారు.

"ఆ గదిలో కొళాయి మాకు నేదు కదా బాబూ" అంది తవిటమ్మ.

ఆయన వరుసలో నిలబడ్డారు. ముందు ఇరవై రెండు మంది ఉన్నారు. ఒకావిడ జాలిపడి తన చోటివ్వబోతే పక్కావిడ కొంగుపట్టి లాగింది. కొళాయి అందేసరికి పదిహేడు నిమిషాలైంది. బూడిద రాశారు, నూనె రాశారు, తోమారు, వాసన చూసి మళ్లీ తోమారు. క్యారేజీ విప్పి రెండో ముద్ద పెట్టుకోగానే పెదవి భగ్గుమన్నట్టుంది, ముఖం చిట్లించారు. అప్పటికే దాలయ్య నన్ను కొట్టే ఇనుప బోల్టు చేతిలోకి తీసుకున్నాడు.

"దాలయ్యా, ఆగు!"

దాలయ్య గడియారం చూశాడు. జగదీశం గారి వైపు చూశాడు. అతని ఉద్యోగం కూడా ఆయన చేతిలోనే ఉంది మరి. "ఒంటిగంటయింది బాబూ" అని గట్టిగా కొట్టాడు. నా బతుకులో అంత నిండుగా ఎప్పుడూ మోగలేదు. ముప్పై ఏళ్ల మెయిలు బండ్లన్నీ కలిసినా నాకు ఆ రోజంత గర్వం ఇవ్వలేదు.

క్యారేజీలో రెండో గిన్నె మూత కూడా తెరవలేదు. ఎవరూ నవ్వలేదు. జగదీశం గారు తన నల్లటి గోళ్లు చూసుకుంటూ మెల్లగా అన్నారు: "పిక్కలు కొట్టే రోజుల్లో నేను మధ్యాహ్నం అన్నమే తినేవాణ్ని కాదు. ఇంటికెళ్లాకే తినేవాణ్ని. ఎలా మరిచిపోయానో."

పది రోజుల్లో పెరట్లో ఇంకో నాలుగు కొళాయిలు వచ్చాయి. ఒప్పందం కాగితాలు మళ్లీ అచ్చయ్యాయి. ఏడో షరతు కింద కొత్త మాట చేరింది: చేతులు శుభ్రం చేసుకునే పదిహేను నిమిషాలు పని సమయంగానే లెక్క. ఇదంతా తన ఆలోచనేనని జగదీశం గారు ఓనరుకు చెప్పుకున్నారట. చెప్పుకోనివ్వండి, ఆయన పెదవి కూడా కాలింది కదా. ఇప్పుడు దాలయ్య పన్నెండుంబావుకు ఒకసారి, పన్నెండున్నరకు మరోసారి కొడతాడు. మొదటిదాన్ని ఆడవాళ్లు చేతుల గంట అంటారు.

కొత్త పద్ధతి మొదలైన రోజు తవిటమ్మ శుభ్రమైన చేతులతో నా కింద కూర్చొని గిన్నె తెరిచింది. పరుగులేదు, వెనక ఎవరూ తరమడం లేదు. వంకాయ కూర కలిపి ముద్ద నోట్లో పెట్టుకొని, నములుతూ నములుతూ ఆగిపోయింది. ఇంకో ముద్ద పెట్టుకొని చూసింది.

"ఒలే, నా కూరలో ఉప్పు సాలదే!" అంది ఆశ్చర్యంగా.

"రోజూ అంతేనే తల్లీ, నువ్వెప్పుడు రుచి సూసినావు గనక" అంది పక్కావిడ. వరండా అంతా నవ్వులు. తవిటమ్మ కూడా నవ్వుతూ పక్కవాళ్ల గిన్నె మూతలోంచి చిటికెడు ఉప్పు తీసుకొని, కలుపుకొని, తాపీగా తినడం మొదలుపెట్టింది.