సిస్టమ్ గారి కొసరు

చీపురుపల్లిలో విజయ్‌కుమార్ అబద్ధమాడితే పట్టుకోగల మనిషి ఇంకా పుట్టలేదు. ఈ సంగతి విజయ్‌కుమారే స్వయంగా చాలామందికి చెప్పాడు. ఆ రోజు పొద్దున్న కూడా, తమ కిరాణా కొట్లో కూర్చుని, బెల్లం దిమ్మ ముట్టుకోనేలేదని తండ్రికి ఎంతో నమ్మకంగా చెప్పాడు.

"మూతి తుడుసుకోరా," అన్నాడు భీమశంకరరావు, తలెత్తకుండానే.

సరే, తండ్రిని మినహాయిస్తే ఇంకెవరూ పుట్టలేదు.

తలెత్తకుండా ఆయన చేస్తున్న పని కాటా తుడవడం. రోడ్డుకి అవతల కంపెనీ మార్టు తెరిచిన దగ్గర్నుంచీ ఆ కాటాకి తుడుపులే తప్ప తూకాలు లేవు. మార్టు అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా చల్లటి గాలి రోడ్డు దాటి వచ్చి కొట్లో కూర్చునేది. ఆ చలవకి మేఘాలు కూడా మార్టు మీద ఆగి ఓ కునుకు తీసి వెళ్తున్నాయని విజయ్ అనేవాడు. అది అబద్ధమేగానీ, లోపలికెళ్లిన మనుషుల సంగతి మాత్రం నిజం. ఎండలోంచి అడుగు పెట్టగానే వాళ్ల కళ్లు సగం మూతపడేవి. ఆ తెల్లటి వెలుతురులో, చెరువు అడుగున నడుస్తున్నట్టు, మెల్లగా తేలుతూ తిరిగేవారు. సంతలో నాలుగు వీధులకి వినపడేలా బేరమాడే ఆడవాళ్లు సైతం అక్కడ గుసగుసలాడేవారు. లోపల ఎవరో పెద్దమనిషి నిద్రపోతున్నాడు, లేపకూడదు అన్నట్టు.

ఆ నిద్ర చెడగొట్టింది దాలమ్మ. పక్క ఊళ్లో చోడి, నువ్వులు పండించుకునే ముసలామె. ఊరంతా వెళ్తోంది కదా అని తనూ మార్టుకి వెళ్లి, కిలో పప్పు కొని, బిల్లయ్యాక కౌంటర్లో ఉన్న ఈశ్వరి ముందు అరచెయ్యి చాపింది.

"ఏటమ్మా?" అంది ఈశ్వరి.

"కొసరు."

ఈ చుట్టుపక్కల తూకమయ్యాక పైన ఓ గుప్పెడు కొసరు పడకపోతే బేరం అయినట్టు కాదు. కిలో అంటే కొనుక్కున్నది. కొసరంటే ఇచ్చింది. భీమశంకరరావైతే ఆ గుప్పెడు వేస్తూ పిల్లల్నీ, పశువుల్నీ, మోకాళ్లనీ విడివిడిగా పరామర్శించేవాడు.

"కొసరు లేదమ్మా. సిస్టమ్ ఒప్పుకోదు."

"సిస్టమెవులు? పిలు. నానడుగుతాను."

పిలవడం ఈశ్వరి వల్ల కాలేదు. దాలమ్మ కొసరు లేకుండానే బయటికొచ్చేసింది. కొట్టు మెట్టు మీద విజయ్ ఒక్కడే ఉన్నాడు. ఆమె గోడు విన్నాడు. చావింటికి వెళ్లొచ్చినవాడిలా మొహం పెట్టాడు.

"సిస్టమ్ గారు ఇక్కడుండరు దాలమ్మా. బొంబాయిలో ఉంటారు. మాకు వేలు విడిచిన మేనమామ. అడిగినోళ్లందరికీ కొసరెయ్యమని నిన్ననే ఫోన్ సేసి సెప్పాడు. పాపం, ఆ పిల్లకింకా కబురు అందలేదు."

"ఆ బాబు కడుపు సల్లగుండ," అని దాలమ్మ వెనక్కి వెళ్లి, "మీ సిస్టమ్ బాబు ఒప్పుకున్నాడంట, ఎయ్యి," అంటూ మళ్లీ చెయ్యి చాపింది. ముడతలు పడ్డ ఆ అరచెయ్యి ఎంతకీ వెనక్కి పోలేదు. ఈశ్వరి డబ్బాలోంచి గుప్పెడు వేరుశనగ గుళ్లు తీసి పోసింది.

దాలమ్మ ఎక్కిన ఆటో ఊరు దాటకముందే కబురు పక్కనున్న గరివిడి చేరింది. మర్నాడు మార్టు ముందు లైను. ఆ లైను చివర స్టేషన్‌ దాకా సాగి, అదే ప్లాట్‌ఫారమ్ అనుకుని పాసింజరు బండి ఆగిపోయిందని విజయ్ చెబుతాడు. బండి రోజూ ఆగేదక్కడే. చేతులు చాపి జనం కల్లో నడిచినట్టు లోపలికెళ్తున్నారు. సిస్టమ్ బాబు బాగున్నాడా అని అడుగుతున్నారు. పెళ్లయిందా, ఎంతమంది పిల్లలని ఆరా తీస్తున్నారు. ఈశ్వరి ఒక్కో చేతిలో గుప్పెడు పోస్తూ, సాయంత్రానికి తనకి తెలీకుండానే వాళ్ల మోకాళ్లని అడగడం మొదలుపెట్టింది. తెల్లటి వెలుతురు నిండా ఊరి గోల. భీమశంకరరావు కాటా తుడవడం మానేసి అటే చూస్తూ కూర్చున్నాడు. ఆయన మొహం చూసి విజయ్, తన జన్మలో ఇంత మంచి అబద్ధం ఆడలేదనుకున్నాడు.

వారం తిరక్కుండా, ఓ మధ్యాహ్నం ఈశ్వరి సంచీ పట్టుకుని అద్దాల తలుపు తోసుకొచ్చి వాళ్ల కొట్టు బెంచీ మీద కూర్చుంది.

"సరుకు తరుగొచ్చిందంట. రేపట్నుంచి రావద్దని మెసేజొచ్చింది."

"ఎవులు పంపారమ్మా?" అన్నాడు భీమశంకరరావు.

"సిస్టమ్. మేనేజర్ని అడిగితే పైనుంచొచ్చిందన్నాడు. పైనెవరండీ అంటే పైకి సూశాడు. నేనూ సూశాను. కెమెరా ఉన్నాది." సంచీ ఒళ్లోకి లాక్కుంది. "మార్టొచ్చాక మా అమ్మ కూరల గంప దించేసింది, బాబాయ్. ఇప్పుడు ఇంట్లో తెచ్చేది నేనొక్కర్తినే. ఆ పుకారు పుట్టించినోడెవడో వచ్చి కెమెరా ముందు ఒప్పుకుంటే నా మీద తప్పు తీసేస్తారంట. ఎవడని ఎతకను?"

భీమశంకరరావు కొడుకు వైపు చూశాడు. "ఎవుల్రా?"

"గరివిడోళ్లెవరో అయ్యుంటారు నాన్నా," అన్నాడు విజయ్.

ఈసారి మూతికి బెల్లం లేదు. తండ్రి తలూపాడు. నమ్మినట్టే ఉన్నాడు. పట్టుకునే మనిషి నిజంగానే పుట్టలేదన్నమాట. ఎందుకో ఆ మాట ఈసారి విజయ్‌కి తీపిగా లేదు.

అప్పుడొచ్చింది దాలమ్మ, చంకలో చంటిపిల్లంత ఆనపకాయతో.

"సిన్న సావుకారా, ఇది మీ మేనమామకి బొంబాయి పంపించు. లేతది, మా పాదుదే. కొసరు తిన్న సెయ్యి ఊరికే ఉండకూడదు."

"ఏ మేనమామ?" అన్నాడు భీమశంకరరావు.

"సిస్టమ్ బాబు. కొసరెయ్యమన్న మారాజు. మీ వోడే గదా సెప్పాడు."

మార్టు తలుపు తెరుచుకుని మూసుకుంది. చల్లగాలి వచ్చి నలుగురి మధ్యా కూర్చుంది. ఈశ్వరి విజయ్‌నే చూస్తోంది, తిట్టకుండా.

"మూతి తుడుసుకోరా," అన్నాడు తండ్రి, మెల్లగా.

విజయ్ ఆనపకాయ అందుకుని రోడ్డు దాటాడు. వెనకాలే ఈశ్వరి, దాలమ్మ, ఏళ్ల తరబడి కొట్టు వదలని భీమశంకరరావు. లోపల ఆ తెల్లటి వెలుతురులో మేనేజరు అతన్ని కెమెరా కింద నిలబెట్టాడు. నల్లటి గాజు కన్ను. దాని వెనక బొంబాయి ఉందో, ఎవరైనా ఉన్నారో, చూస్తే తెలియడం లేదు.

"పైకి సూసి సెప్పు," అన్నాడు మేనేజరు. తర్వాత ఫోన్‌లో చూసి చదివాడు. "సిస్టమ్‌తో నీకు సంబంధం?"

విజయ్ ఆనపకాయని గుండెలకి ఆనించుకున్నాడు. గాజు కన్ను వైపు తలెత్తాడు.

"మేనమామ కాడండి. ఎవులో కూడా నాకు తెల్దు. కొసరెయ్యమని ఎవులూ సెప్పలేదు, నేనే సెప్పాను. ఈ పిల్ల తప్పేటీ లేదు. ఈ కాయ కూడా మీది కాదు."