క్రీం బన్నులో సగం

ఈ అమ్మాయి పెన్సిలు మళ్లీ అదే వరుస దగ్గర ఆగింది, ఆగితే ఆగనీ, నా పుస్తకంలో మాత్రం తప్పుండదు, ఏడాదిలో నాలుగు కాలాలు, కాలానికి నాలుగు రోజులు, మొత్తం పదహారు రోజులు మా ఇద్దరి నోట్లోకి వెళ్లిన ప్రతిదాన్నీ వంటింటి త్రాసు మీద పెట్టి రాసినదాన్ని నేను, ముల్లంగి చెక్కు తీయకముందు ఎంత, తీశాక ఎంత, వేపుడు దించాక పెనంలో మిగిలిన నూనె ఎంత, చేప తిన్నాక పక్కన పెట్టిన ముల్లు ఎంత, ఈయనేమో చారు గిన్నె త్రాసు ఎక్కకముందే ఎత్తి తాగేసేవాడు, ఏమండీ ఆగండి అంటే, రెండు గుక్కలే కదే, దానికే మునిగిపోయిందా అనేవాడు, ఆ రెండు గుక్కలు ఎన్ని గ్రాములో తెలియక నేను చారు మొత్తం పారబోసి మళ్లీ పోసి తూచేదాన్ని, ఇంత చేస్తే ఇప్పుడు ఈ హోషినా అనే అమ్మాయి, విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆహార నిపుణురాలట, ముప్పై కూడా ఉండవు, ఇవదతే సెత్సుయో గారూ ఏమీ అనుకోకండి, చిన్న తేడా వస్తోంది అంటోంది, ఈ కమ్యూనిటీ హాలులో కిరోసిన్ పొయ్యి వాసనకు నాకు అసలే తల తిరుగుతోంది, వాళ్లిచ్చిన చెప్పుల్లో కాలి వేళ్లు కొయ్యబారిపోయాయి, తేడా నా దగ్గర ఎందుకుంటుందమ్మా అన్నాను, మీ దగ్గర కాదండీ, మీ వారి దగ్గర అంది.

మా వారి దగ్గర, అంతే మరి, ఇంకెక్కడుంటుంది, నేను తూచి రాసిన పుస్తకం ఒకటి, ఎవరికి వారు ఒంటరిగా నింపి కవరులో పెట్టి అంటించిన ప్రశ్నపత్రం ఇంకొకటి, గడిచిన ఏడాదిలో ఫలానాది వారానికి ఎన్నిసార్లు తిన్నారు, ఎంత తిన్నారు అని నూటయాభై ప్రశ్నలు, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తారట, వనస్పతి వేసిన రొట్టెల్లోనూ కేకుల్లోనూ ఉండే ట్రాన్స్ కొవ్వు ఎవరెంత తింటున్నారో ఉత్త ప్రశ్నలతో తేలిపోతే ఇక ముందు ఏ ఇల్లాలూ త్రాసుతో కుస్తీ పట్టనక్కర్లేదట, మంచిదే, ఆ ముక్క నా పదహారు రోజులకు ముందు కనిపెట్టి ఉంటే ఇంకా బాగుండేది, నా పుస్తకం ప్రకారం ఈయన రోజుకు తిన్నది సున్నా పాయింటు ఆరు గ్రాములు, ఆయన నింపిన దాని ప్రకారం సున్నా పాయింటు తొమ్మిది, ఆ కాస్త గ్రాము ముక్క కోసం మంచులో మమ్మల్ని పిలిపించారా అని ఒళ్లు మండుతుంటే, ఆ అమ్మాయి కాగితం ఇటు తిప్పింది, క్రీం బన్ను, వారానికి అయిదారుసార్లు, పరిమాణం దగ్గర సగం అన్న గడిలో టిక్కు, అది ఈయన టిక్కే, చెంచాలకు మెరుగు పెట్టీ పెట్టీ వంకరపోయిన వేళ్లతో పెట్టిన వంకర టిక్కు, మా ఇంట్లో క్రీం బన్ను ఎక్కడిది, కొన్నదెవరు, పైగా సగమేమిటి, మగాడు బన్ను సగం తిని సగం వదిలేస్తాడా, మిగతా సగం ఎవరి నోట్లోకి పోతోంది, చెంచాల కార్ఖానాలో లెక్కలు రాసే ఆ అకత్సుకా ఉందే, ఊరికే నవ్వుతుందే, రెండింటికి పని అయిపోతే ఈయన నాలుగింటికి గాని ఇల్లు చేరడు, దారిలో చదరంగం ఆడుతున్నాడనుకున్నాను, ఈ అరవైయేడేళ్ల వయసులో, మీరు పొరపాటున పెట్టారా అండీ అని హోషినా అడిగితే ఈయన కిటికీలోంచి మంచు చూస్తూ, లేదమ్మా, నేను రాసిందీ నిజమే, ఆవిడ రాసిందీ నిజమే అన్నాడు, ఆ పిల్ల తలూపి ఆ వరుస చుట్టూ సున్నా చుట్టేసింది, అయిపోయిందట, ఇక వెళ్లవచ్చట, వాళ్లకు అయిపోతుంది, నాకెలా అయిపోతుంది.

కారు నేనే తోలుతున్నాను, అద్దం మీది మంచు తుడిచే పుల్లలు కీచుమంటున్నాయి, ఎవరితో పంచుకుంటున్నారు అని అడిగాను, ఏది అన్నాడు, బన్ను అన్నాను, అమ్మతో అన్నాడు, ఎదురొచ్చే బండికి దారి ఇవ్వబోయి బ్రేకు గట్టిగా తొక్కేశాను, అమ్మతోనట, మా అత్తగారు హత్సునో, తొంభై ఒకటి, మూడేళ్లుగా వృద్ధుల ఆశ్రమంలో ఉంది, అక్కడికి వెళ్లిన రోజు గుమ్మంలో బూట్లు తొడిగించుకుంటూ, మరిది, తోడికోడలు, అందరూ వింటుండగా, ముప్పై ఏళ్లకు ఇవాళ నోటికి రుచి తగలబోతోంది అంది, ఆవిడ రక్తపోటు కోసమే కదా డాక్టరు చెప్పినట్టు ఉప్పు తగ్గించి వండాను, నా నోరూ చంపుకుని అదే తిన్నాను, మీరు పిలిచేదాకా నేనక్కడ గడప తొక్కను అత్తయ్యా అన్నాను, పిలవలేదు, తొక్కలేదు, కొడుకు నెలకొకసారి వెళ్లి వస్తున్నాడనుకున్నాను, రోజూనా అన్నాను, ఆదివారం తప్ప అన్నాడు, మరి నేను తూచిన రోజుల్లో ఎందుకు లేదు, ఆ రోజుల్లో ముక్కను అక్కడి కొలనులో చేపలకు వేశాను, తింటే నీకు చెప్పాలి, నువ్వు రాయాలి, ఎక్కడిదని అడుగుతావు అన్నాడు, ఓరి దేవుడా, తూకం చెడకూడదని చేపలకు వేశాడట, ఈ మనిషితో నేను ముప్పైనాలుగేళ్లు కాపురం చేశాను.

ఆవిడ సగమే తినగలదు కాబట్టి మిగిలింది మీరు తింటున్నారు, అంతేనా, ఆ మాట ముందే చెప్పేడిస్తే నా ప్రాణం సుఖంగా ఉండేది కదా అన్నాను, ఆయన కాళ్ల దగ్గర కరిగిన మంచునీళ్లను బూటుతో అటూ ఇటూ రాస్తూ, అమ్మ మొత్తం తినగలదు, నువ్వు పంపావని చెప్తుంటాను, అందుకని సగం తుంచి రుమాలులో చుట్టి, ఇది సెత్సుయోకు ఇవ్వరా, అందరికీ పెట్టి నిలబడి మిగిలింది తినే మనిషి అది, సరిగా తిని ఎరగదు అంటుంది, ఇంటికి తెస్తే నువ్వేమంటావోనని బస్సు ఆగే చోట నేనే తినేస్తాను అన్నాడు, ఏమంటాను, ఏమనేదాన్ని, నిలబడి తింటానని ఆవిడ ఎప్పుడు చూసింది, నాకు వీపు చూపించి టీవీ ముందు కూర్చునేది కదా, ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూర్చో అనలేదు కదా, రుచి లేదన్న మాటకు ఇప్పటికీ క్షమాపణ లేదు, ఉండదు కూడా, నాకు తెలుసు, చెంపలు వేడెక్కుతున్నాయి, కోపమే అనుకుంటాను, అదేమిటి, మన వీధి మలుపు దాటిపోయింది సెత్సుయో, ఇది ఆశ్రమం దారి కదా, ఎటు పోతున్నావు అంటున్నాడు ఈయన, పోనివ్వండి, నన్ను మాట్లాడించకండి, ఆ అమ్మాయి పెన్సిలుతో సున్నా చుట్టిన సున్నా పాయింటు మూడు గ్రాములు ఈయన తిన్నవే గాని ఈయనవి కావు, ఆవిడ నాకు తిండి పెడుతూనే ఉంది, మూడేళ్లుగా, ఆదివారాలు తప్ప రోజూ.