కుందేళ్ల కోసం వనభోజనం

ఈ పరాయి దేశంలో, సర్రీ ఊళ్లో మా ఇంటి వెనుక చిత్తడినేలలో, విల్లో పొదల కింద ఒక అడవి కుందేలు ఉండేది. పొద్దున్నే అది కనబడేదాకా నాకు కాఫీ గొంతు దిగేది కాదు.

అలాంటి కుందేళ్లను కాపాడాలని మా తెలుగు సంఘం కంకణం కట్టుకుంది. అందుకని అక్కడే వనభోజనాలు పెట్టింది. చాపలు పరవడానికి చోటు కావాలని ముందుగా పొదలు కొట్టించింది.

"పొదే దాని ఇల్లు నాయనా. దాక్కునే చోటు లేకపోతే వెళ్లిపోతుంది," అన్నాను సంఘం అధ్యక్షుడు మహీధర్‌తో.

"ఆంటీ, మీరు పుస్తకాలు చదివి ఊరికే టెన్షన్ పడతారు. ఓపెన్‌గా ఉంటే అందరికీ కనబడుతుంది కదా!"

అందరిలో గద్దలు కూడా ఉన్నాయి మరి.

పులిహోర అయింది. మైకులో కుందేలు మీద ఉపన్యాసాలూ అయ్యాయి. కుందేలు మాత్రం రాలేదు.

"ఫొటోకి మీ కుందేలేదీ ఆంటీ?" అన్నాడు మహీధర్.

"ఇంటికి ఇంతమంది చుట్టాలు దిగితే, పాపం, చోటు చాలక వెళ్లిపోయినట్టుంది."

అందరూ నవ్వి, "వెళ్లొస్తాం ఆంటీ" అంటూ కార్లెక్కారు. వెళ్తాం అనకూడదని వీళ్లకు ఇంకా గుర్తుంది. చెప్పకుండా వెళ్లినవాళ్ల గురించే నా భయమంతా. కొట్టేసిన కొమ్మలను ఈడ్చుకొచ్చి పాత చోటే పోగువేశాను.

మర్నాడు పొద్దున మహీధర్ ఫోన్ చేశాడు. "ఆంటీ, అక్కడెవరో చెత్త పోశారట. తీయించేస్తున్నా."

"వద్దు నాయనా, లోపల కుందేలుంది," అన్నాను.

అన్నాను గాని, కిటికీలో నా కాఫీ ఇంకా చల్లారుతూనే ఉంది.