పలకని డిస్కు

కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళకు ఒక అలవాటుంది. మిషన్ మొరాయిస్తే ముందు మిషన్‌ను చూడరు, దాని సొంతదారు మొహంలోకి చూసి, చివరగా ఏం ముట్టుకున్నావని అడుగుతారు. లోవెల్ ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నాడు. అమెరికాలోని డులూత్ ఊళ్ళో ఉత్తరాలు పంచినన్నాళ్ళూ తన వీధిలో సగం ఇళ్ళ మిషన్లకు అతనే వైద్యుడు. రిటైరయ్యాక ఆ వైద్యం చుట్టాల మీద పడింది.

ఆదివారం సాయంత్రం అక్క ఆర్డిస్ ఇంటికి వచ్చాడు. ఆమె కంప్యూటర్‌ది నత్తనడకని ముందే తెలుసు గనక, చూయింగ్ గమ్ రేకంత కొత్త డ్రైవు ఒకటి కానుకగా తెచ్చి లోపల తగిలించాడు. మిషన్ లేచింది, కొత్త డ్రైవు కనబడింది. దాని వేగం గురించి అరగంట ఉపన్యాసమిచ్చి, అక్క ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ రెండు ప్లేట్లు లాగించి పడుకున్నాడు. అక్క అతన్ని ప్రొఫెసరని పిలవటం ఊరికే కాదు.

సోమవారం పొద్దున చూస్తే కొత్త డ్రైవు ఉంది గానీ, ఏళ్ళ తరబడి ఉన్న పెద్ద హార్డ్‌డిస్కు లేదు. ఉండాల్సిన చోట దాని పేరే కనబడలేదు. లోవెల్ తన ప్రశ్న వేశాడు.

“ఇందాక వాక్యూమ్ చేస్తూ కంప్యూటర్ డబ్బాని కాస్త పక్కకి జరిపాను,” అంది ఆర్డిస్.

“చూశావా, అదీ సంగతి.”

సంగతేమిటో అప్పటికి అతనికీ తెలియదు. ఏదో ఒకటి తేల్చకపోతే వైద్యుడి పరువు పోతుందని అన్నాడు. ఆర్డిస్ మాత్రం ఆ మాటను మనసులో పెట్టేసుకుంది.

ఆ డిస్కులో ఉన్నది అల్లాటప్పా సరుకు కాదు. పంతొమ్మిది వేసవులు ఆమె తెల్లవారకముందే పడవ వేసుకుని, దోమలకు రక్తదానం చేస్తూ, ఇంటి ముందు సరస్సులో లూన్ పక్షుల కూతలు రికార్డు చేసింది. ఏ జంట ఏ మూల గూడు కట్టిందో, వాటి పిల్లల్లో ఎన్ని ఎగిరేదాకా బతికాయో అన్నీ రాసిపెట్టింది. ఇప్పుడా సరస్సులో రేసు పడవలు నడుపుతామని ఎవరో అర్జీ పెట్టుకున్నారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆధారాలతో సహా ఆ రోజు మధ్యాహ్నం పన్నెండులోగా కౌంటీ ఆఫీసుకు పంపాలి. ఇంకో కాపీ ఉంచుకోలేదా అని లోవెల్ అడిగితే, ఎందుకు ఉంచుకోలేదు, ఉంచుకున్నానని గబగబా చెప్పింది. అది కూడా అదే డిస్కులో, ఇంకో ఫోల్డరులో ఉంది.

లోవెల్‌కు తిట్టాలనిపించింది. ఆమె మొహం చూసి మింగేశాడు.

డబ్బా మూత విప్పాడు. విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల తెరలో చూస్తే, డిస్కులు తగిలించే పోర్టుల్లో ఒకటోదానిలో విండోస్ ఉన్న చిన్న డిస్కు, రెండోదానిలో డీవీడీ డ్రైవు ఉన్నాయి. మూడోది ఖాళీ అంటోంది. కళ్ళెదుట మూడోదానికే పెద్ద డిస్కు తగిలించి ఉంది. కేబుల్ మార్చాడు. నాలుగో పోర్టుకు మార్చి చూస్తే అదీ ఖాళీయే అంది. కరెంటు వైరు మార్చినా అంతే. మొదటి రెండు పోర్టుల జోలికి మాత్రం పోలేదు. పనిచేస్తున్నదాన్ని కదిలించకూడదన్నది అతని నియమం.

డిస్కు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. లోపల తిరుగుతోంది. వెచ్చగా ఉంది. చచ్చే ముందు డిస్కులు చేసే టకటక చప్పుడు లేదు. చచ్చిన డిస్కులు అతను బోలెడు చూశాడు, ఇది వాటిలా లేదు. పోనీ బతికుందా అంటే పిలిస్తే పలకదు. వేరే మిషన్‌కు తగిలించి చూద్దామంటే ఆర్డిస్‌కు ఉన్నది ఇదొక్కటే, తన ఇల్లు మూడు గంటల దూరం. చేసిందే మళ్ళీ చేశాడు. తల దిమ్మెక్కింది. ఏ కేబుల్ ఏ కేబులో కూడా మర్చిపోయాడు.

పదిన్నరకు వంటింట్లోంచి ఆమె కౌంటీ ఆఫీసువాళ్ళతో ఫోన్‌లో మాట్లాడటం వినబడింది.

“అవునండీ, తప్పు నాదే. ఇల్లు ఊడుస్తూ నేనే పాడుచేసుకున్నాను. ఆధారాలు లేకుండా అభ్యంతరం అంటే ఏం బాగుంటుంది? నా పేరు తీసెయ్యండి.”

ఫోన్ పెట్టేసి, కడిగిన కప్పులనే మళ్ళీ కడగటం మొదలుపెట్టింది. వాళ్ళింట్లో ఎవరూ ఏడవరు, గిన్నెలు కడుగుతారు. ఆ నీళ్ళ చప్పుడు వింటూ లోవెల్ తన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

ఇక అభిమానం చంపుకుని, తాను రోజూ నలుగురికి సలహాలిచ్చే ఇంటర్నెట్ ఫోరంలోనే తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఐదు నిమిషాల్లో ముక్కూ మొహం తెలియని మనిషెవరో, చివరగా ఏం మార్చారని అడిగాడు. లోవెల్‌కు ఒళ్ళు మండింది. తాతకు దగ్గులు నేర్పుతున్నాడనుకున్నాడు. మా అక్క డబ్బా జరిపిందని రాశాడు. అంతకుముందు అని మళ్ళీ వచ్చింది. ఏమీ లేదని టైపు చేశాడు గానీ పంపబోతే వేలు ఆగింది. అది చెరిపేసి, నిన్న కొత్త డ్రైవు తగిలించాననీ, అది బ్రహ్మాండంగా పనిచేస్తోందనీ రాశాడు. ఆ డ్రైవు పెట్టిన స్లాటు గురించి మదర్‌బోర్డు పుస్తకంలో చదవండని జవాబు.

పుస్తకం చదవటం చేతకానివాళ్ళ పనని అతని నమ్మకం. అయినా ఫోన్‌లోకి దించుకుని చదివాడు. ముప్పై ఒకటో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఆ స్లాటులో డ్రైవు పెడితే మూడు, నాలుగు పోర్టులు పనిచేయవు.

రేకులాంటి ఆ కొత్త డ్రైవును పీకేసి మిషన్ ఆన్ చేశాడు. పెద్ద డిస్కు ఏమీ ఎరగనట్టు తన చోట తాను ఉంది. పంతొమ్మిది ఫోల్డర్లూ వచ్చాయి. టైము పదకొండూ ఇరవై.

అతనికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఇంకో ఆలోచనా వచ్చింది. కేబుల్ వదులైంది, బిగించానంటే చాలు. అక్క నమ్ముతుంది. సాయంత్రానికి తనకిష్టమైన నిమ్మకాయ మిఠాయి బార్లు కూడా చేసిపెడుతుంది. పిలిచాడు.

ఆర్డిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తెర మీది ఫోల్డర్లను ఒక్కొక్కటే పైనుంచి కిందికి చూసింది.

“అయితే నేను జరిపినందుకు దానికేమీ కాలేదా?” అంది.

ఆమె గొంతులో ఆ ఆశ విన్నాక లోవెల్‌కు అబద్ధం నోట్లోనే ఎండిపోయింది. సిగ్గుతో తల వాల్చుకున్నాడు.

“నువ్వు జరిపినందుకు కాదు. నిన్న నేను పెట్టానే, దానివల్ల. ఏమైందో నాకు తెలీకుండానే నీ మీదికి తోసేశాను.”

ఆర్డిస్ కుర్చీ లాక్కుని కూర్చుని ఫైళ్ళు పంపటం మొదలుపెట్టింది. తెర మీంచి చూపు తిప్పకుండా ఫోన్ అతని చేతికిచ్చింది.

“తప్పు నాదని ఆఫీసువాళ్ళకి ఇందాక నా పేరు చెప్పాను ప్రొఫెసరూ. ఇప్పుడు నీ పేరు నువ్వు చెప్పు.”

లోవెల్ నంబరు నొక్కాడు. ఎవరో అమ్మాయి ఎత్తింది. మా అక్క ఆర్డిస్ పేరు మళ్ళీ రాసుకోమనీ, ఆధారాలు వస్తున్నాయనీ, డిస్కుకు ఆమె ఏమీ చెయ్యలేదనీ, చేసింది తాననీ ఒక్క గుక్కలో చెప్పేశాడు.

ఆ అమ్మాయి రాసుకుంటున్నట్టుంది. “ఒక్క నిమిషమండీ, మళ్ళీ చెప్పండి. చేసింది ఎవరు?” అంది.

లోవెల్ మళ్ళీ చెప్పాడు.