వెనక సగం

ఆవిరి రోలరు కిందనుంచి వేడిగా జారివచ్చే దుప్పటిని రెండు మూలలూ పట్టి అందుకోవడం అతని పని. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ళుగా అదే పని. అవతలివైపు తడిదుప్పటి లోపలికి పెట్టే మనుషులు ఆరుగురు మారారు. ఇవతల అందుకునేవాడు మారలేదు. వేడికి వేలికొసలు నున్నబడి గీతలు కూడా చెరిగిపోయాయి.

ఇప్పుడు దుప్పటి పెడుతున్నది ముప్పయ్యేళ్ళ అమ్మాయి. గలగలా మాట్లాడుతుంది. అతన్ని బాబాయ్ అంటుంది. పొద్దుటినుంచీ అతని పెదవులు కదలడం చూస్తూనే ఉంది.

"ఏంటి బాబాయ్, దుప్పట్లని తిడుతున్నావా?"

"జపం. నేర్చుకుంటున్నా."

"ఇన్నాళ్ళకా! మీ ఆవిడ రోజూ చెప్పించేదన్నావుగా?"

"వెనక సగమే చెప్పేవాణ్ణి."

జపమాల ఇద్దరు కలిసి చెప్పుకుంటే పూసపూసకీ మంగళవార్త జపాన్ని చెరిసగం పంచుకుంటారు. దేవదూత మరియమ్మకు వందనం చెప్పే ముందు సగం అతని భార్యది. పాపులమైన మాకోసం ఇప్పుడూ, మా చావు గడియలోనూ వేడుకోమ్మా అనే వెనక సగం అతనిది. పది పూసలకు ఒక రహస్యం. ఆ పదీ తిరిగేదాకా యేసు జీవితంలోని ఒక ఘట్టాన్ని మనసులో చూస్తూ ఉండాలి. ఆవిడ చూసేది. పశువులపాక అంటే గడ్డి తడి వాసనతో సహా చెప్పేది. అతనికి మాత్రం దుప్పట్లే కనిపించేవి. సాయంత్రానికి యాభైసార్లు చావు గడియ అంటూనే, రేపు బాయిలరు మనిషి వస్తాడో రాడో అని ఆలోచించేవాడు.

మంగళ, శుక్రవారాల్లో దుఃఖ రహస్యాలు. మొదటిది తోట. యేసు ఒంటరిగా నెత్తురు చెమటోడుస్తూ ప్రార్థిస్తుంటే శిష్యులు పక్కనే నిద్రపోతారు. ఏడో పూసకల్లా ఇతని తలా వాలిపోయేది. ఆ ఏడోది పూస కాదు, గుండీ. అసలు పూస పగిలిపోతే, లాండ్రీలో ఊడిపడిన తెల్ల చొక్కా గుండీ తెచ్చి అతనే దారానికి ఎక్కించాడు. వేలికి గుండీ తగలగానే ఆవిడ మోచేత్తో పొడిచేది.

"ఆయనక్కడ అల్లాడిపోతుంటే నువ్వు గుర్రు పెడుతున్నావు. శిష్యుడంటే నువ్వేనయ్యా."

ఒక సాయంత్రం ఆయాసపడుతూ అడిగింది. "ముందు నడిచి నడిచి అలిసిపోయాను. ఇవాళ నువ్వు ముందు చెప్పు, నేను వెనకాలొస్తా."

"నాకు రాదే. రేపు చూద్దాంలే."

ఆ మర్నాడు పొద్దున్నే గుమ్మం దగ్గర కూలబడింది. కుడిపక్క పడిపోయింది, మాటా పోయింది. ఏడు వారాలయింది. మాల గోడకున్న మేకుకే వేలాడుతోంది. దాన్ని దించడానికి అతనికి మొహం చెల్లలేదు. నిన్న డాక్టరు వచ్చి చూసి, ఇంక రోజుల్లోనే అని చెప్పి వెళ్ళాడు. రాత్రంతా అతని చెవిలో ఒకటే మాట. నేను వెనకాలొస్తా.

"ముందు సగం రాకపోవడమేంటి బాబాయ్, ఇన్నేళ్ళు విన్నావుగా?"

"చెవికొచ్చు. నోటికి రాదు."

"సరే, దుప్పటికొకటి చెప్పు. తప్పావో, రోలరు ఆపేస్తా."

"నువ్వది ఆపితే మేస్త్రీ నిన్ను ఆపుతాడు."

దుప్పటికొకటి చొప్పున చెప్పాడు. మొదలుపెట్టిన ప్రతిసారీ నాలుక జారి అలవాటైన సగంలోకే పోయి పడింది. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి నాలుగు తిన్నగా వచ్చాయి. మూడున్నరకి వరసగా పది.

"పదీ అయ్యాయి బాబాయ్, లెక్కపెట్టా. ఇంక పో. ఆ దిండు గలీబులు నేను మడతపెడతాలే."

అతను గలీబుల బండి వంక చూశాడు. ముప్పై ఉంటాయి. "పావుగంటలో అయిపోతుందమ్మా," అని కూర్చుని, అన్నీ అంచుకి అంచు కలిపి మడతపెట్టాడు. పని మిగిల్చి వెళ్ళడం అతనికి చేతకాదు.

ఇల్లు రెండో అంతస్తులో ఒంటిగది. తలుపు తీస్తూనే మరదలు అందుకుంది.

"వచ్చావా బావా. పొద్దుటినుంచీ పాలు రెండు చెంచాలు దిగాయి, అంతే. మధ్యాహ్నంనుంచి మేకు వంకే చూపు. మాల తీసి చేతికిస్తే తోసేసింది. నేను జపం ఎత్తుకుంటే మొహం గోడకి తిప్పేసుకుంది. నీతోనే కావాలంట మీ ఆవిడకి. చచ్చే మొండిది."

అంటూనే కళ్ళు తుడుచుకుని, పిల్లలకి వండిపెట్టి మళ్ళీ వస్తానని వెళ్ళింది.

అతను కాళ్ళూ చేతులూ కడుక్కుని మాల దించాడు. మంచం అంచున కూర్చుని, ఆవిడ ఎడమచేతిలో పెట్టాడు. ఈసారి తోసెయ్యలేదు.

"ఇవాళ మంగళవారం," అన్నాడు. "తోట."

ఆవిడ కళ్ళు ఒకసారి మూసి తెరిచింది.

ముందు సగం చెప్పాడు. నాలుక జారలేదు. చెప్పి ఆగాడు. ఆవిడ పెదవి కదల్లేదు. బొటనవేలు మాత్రం మెల్లిగా పూసని ముందుకు తోసింది. అదే ఆవిడ వెనక సగం.

రెండు. మూడు. ఆవిడ బదులుకోసం ఆగిన ఆ కాసేపట్లో అతనికి తోట కనిపించింది. రాతినేల. చెట్ల కింద చీకటి. మోకాళ్ళమీద ఒక్క మనిషి. రాయి విసిరినంత దూరంలో నిద్రపోతున్న ముగ్గురు. వాళ్ళ పక్కన, మడతపెట్టిన దుప్పటి తలకింద పెట్టుకుని తను. ఇన్నేళ్ళూ ఆవిడ ఇక్కడికి ఒక్కతే వచ్చి వెళ్ళిందన్నమాట. ఆ గలీబుల పావుగంట గుర్తొచ్చింది.

నాలుగు. అయిదు. ఆరో పూస చాలాసేపటికి కదిలింది.

ఏడోసారి ముందు సగం చెప్పి ఆగాడు. వేలు గుండీమీదికి వచ్చి ఆగింది. కిటికీలోంచి పడిన ఎండ నేలమీద పాకి మంచంకోడు దాకా వచ్చింది. అతను చూస్తూ కూర్చున్నాడు. ఈసారి ఆవిడకే కునుకు పట్టిందనుకున్నాడు.

"ఏమే, గుండీ వచ్చింది," అని మోచేత్తో మెల్లిగా తాకాడు.

చెయ్యి వెచ్చగానే ఉంది, ఊపిరే లేదు.

ఇంకోసారి తాకలేదు. కాసేపటికి వెనక సగం తనే చెప్పాడు. యాభైసార్లూ పరుగెత్తుతూ దాటిన చావు గడియ దగ్గర ఆగి, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు. దుప్పటి మూలలు సర్దాడు.

మిగతా మూడు పూసలూ ఆవిడ అరచేతిలో ముడుచుకుని ఉన్నాయి. బొటనవేలి కింద సగం కనిపిస్తూ, అరిగి పసుపెక్కిన నాలుగు బెజ్జాల చొక్కా గుండీ. దారం రెండు బెజ్జాల్లోంచే పోయింది. మిగిలిన రెండూ ఖాళీ.